తాగడు సార్

నాకు కోపం ఎక్కువ. చిన్నప్పటి నుంచీ అంతే. ఆ కోపం మా ఇంట్లో ఏం చేసిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను కాబట్టి ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. తర్వాత ఎవరూ నన్ను మంచివాడు, పాపం అనుకోవద్దు.

మా అన్న బీదర్ గాంధీ గంజ్‌లో హమాలీ. లారీల్లో వచ్చిన కందులూ పెసలూ సోయా బస్తాలు వీపున మోసి గోదాముల్లో పేర్చడం పని. పద్నాలుగేళ్ళప్పుడు మొదటి బస్తా ఎత్తుకున్నాడు. నన్ను మాత్రం ఎత్తనివ్వలేదు. మాది జిల్లాకు ఒక కొసన ఉన్న ఊరు. ఒక పక్క తెలంగాణ, ఇంకో పక్క మహారాష్ట్ర, రెండూ సైకిల్ మీద పోయేంత దూరం. ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడం, బజార్లో దక్కనీ. నన్ను జహీరాబాద్‌లో పెద్దమ్మ ఇంట్లో ఉంచి ఇంటర్ దాకా తెలుగులో చదివించింది అన్నే. చదివి నేనేం పొడిచాను? అన్న బస్తాలు దించే దుకాణం సావుకారుకే కారు డ్రైవర్నయ్యాను. రైతుల పంట వేలం వేసి కమీషన్ తీసుకునే అడ్తి దుకాణం అది. అన్న వెనుక గోదాములో, నేను ముందు కారు దగ్గర. మధ్యాహ్నం టీ బండి దగ్గర ఇద్దరం కలిసేవాళ్ళం.

అన్న తాగేవాడు. సావుకారు కూడా తాగేవాడు. ఇద్దరిదీ దాదాపు ఒకటే ఈడు, నలభై దాటి రెండు మూడేళ్ళు. సావుకారు తాగేది అన్న తాగేదానికంటే తక్కువేమీ కాదు. సీసాలు తెచ్చింది నేనే, ఖాళీవి పారేసింది నేనే, నాకు తెలియదా? హుమ్నాబాద్ రోడ్డులో ఆయనకు ఒక తోట ఉంది. సాయంత్రం అక్కడ కుర్చీలు వేసేవారు. సీసా మూత తీయకముందే ఉడికించిన గుడ్లు, వేయించిన చేప, బాదం పప్పు వచ్చేవి. తర్వాత ఇంటికి పోతే వేడి రొట్టె, పప్పు, పెరుగన్నం. మూడు నెలలకోసారి ఇంటికే వచ్చి నెత్తురు తీసుకుపోయేవాళ్ళు. రిపోర్టు ఫోన్లోనే వచ్చేది. "ఫ్యాటీ లివర్ అంట, గ్రేడ్ వన్" అని ఆయన వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. చెప్పడంలో కొంచెం గొప్ప కూడా ఉండేది. ఆ నెల రెండు పెగ్గులు తగ్గించి, పొద్దున నడకకు పోయి, లివర్‌కు మంచిదని ఏవో గోలీలు మింగేవాడు. బండి మళ్ళీ దారిన పడేది.

అన్నది వేరే లెక్క. హమాలీలకు తెల్లవారితే మొదటి పని తొంబై మిల్లీ మందు పట్టే అట్టడబ్బా. గంజ్ మూలన దుకాణంలో నిలబడే తాగేవాళ్ళు. ఆ గుక్క పడితేగాని వీపు వంగదు, చేతుల వణుకు ఆగదు. అది తాగుడని వాళ్ళెవరూ అనుకోలేదు. బండికి నూనె పోయడం అనేవాళ్ళు. మధ్యాహ్నం ఇంకొకటి, సాయంత్రం ఎన్నో. అంచుకు ఒక మిరపకాయ బజ్జీ, లేకపోతే అదీ లేదు. వదిన వండిన అన్నం గిన్నెలో అట్లాగే ఉండిపోయేది. నాలుగైదేళ్ళలో మనిషి కరిగిపోయాడు. చేతులు పుల్లలు, పాదాలు మాత్రం వాచి చెప్పుల్లో పట్టేవి కావు. అరికాళ్ళు మండుతున్నాయని గోదాములో చల్లటి బండ మీద కాళ్ళు పెట్టుకుని కూర్చునేవాడు. బస్తా ఎత్తే కొక్కెం పిక్కకు గీరుకుంటే ఆ పుండు నాలుగు నెలలైనా మానలేదు. కళ్ళు పచ్చబడ్డాయి. అయినా బస్తాలు మోస్తూనే ఉన్నాడు, మోయకపోతే ఎట్లా?

సావుకారుకు వచ్చింది లివర్ జబ్బు. అన్నకు వచ్చింది తాగుడు. గంజ్‌లో అందరూ అట్లాగే అనేవాళ్ళు. నేనూ అట్లాగే అనేవాణ్ని.

ఒక ఎండాకాలం పొద్దున అన్న బస్తా దించి అక్కడే వాంతి చేసుకున్నాడు. అందులో నెత్తురుంది. గోదాము గుమస్తా నన్ను కేకేశాడు. సావుకారు బయటికి వచ్చి చూశాడు. ముఖం చిట్లించాడు కానీ, నిజం చెప్పాలి, వెంటనే తాళం చెవి నా చేతిలో పెట్టాడు.

"కారు తీస్కపో. జల్ది పో. సీటు మీద గోనె పట్టా వేస్కో" అన్నాడు.

పట్టా వేసి అన్నను కూర్చోబెట్టాను. అన్న ఆ కారెక్కడం అదే మొదటిసారి. కడుపు పట్టుకుని కూడా సీటు అంచునే కూర్చున్నాడు, వెనక్కి ఆనలేదు.

ఏ దవాఖానకు తీసుకుపోయానో రాయను. ఎవరో పెద్దలు ధర్మానికి నడిపేది. చీటీ రాసే మనిషి అన్న దగ్గరికి రాగానే ముక్కు మూసుకుని కన్నడంలో లోపలికి అరిచాడు, తాగి వచ్చాడు అని. అంతే. మమ్మల్ని వరండా చివర బండ మీద కూర్చోమన్నారు. మా తర్వాత వచ్చినవాళ్ళు లోపలికి పోయి మందులతో బయటికి వచ్చారు. పిల్లకు దగ్గు అని వచ్చిన ఆమె పోయింది. వేలికి ముల్లు గుచ్చుకుందని వచ్చినాయన పోయాడు. మేం అట్లాగే ఉన్నాం. రెండు గంటలు దాటాక డాక్టరు గుమ్మం దగ్గరికి వచ్చి అక్కడి నుంచే అన్నను చూశాడు. ముట్టుకోలేదు. పిక్క మీది పుండు కూడా చూడలేదు.

"ముందు తాగుడు బంద్ చేయించు. బంద్ చేసినాక తీసుకురా. తాగేవాడికి మందులిస్తే నీళ్ళలో పోసినట్టే" అన్నాడు, మంచి కన్నడంలో. వాంతి ఆగడానికి రెండు గోలీలు రాసి లోపలికి పోయాడు.

నా నెత్తురు ఉడికిపోయింది. వరండాలో అందరూ మమ్మల్నే చూస్తున్నారు. అన్న మాత్రం తల వంచుకుని, "సారు ఉన్నదే చెప్తుండు గద తమ్మీ. నువ్వు లొల్లి పెట్టకు" అన్నాడు.

డాక్టరు మీద పెట్టలేని లొల్లి ఇంటికి పోయి అన్న మీద పెట్టాను. గంజ్ వెనుక గల్లీలో ఒకటే గది వాళ్ళది. సాయంత్రానికి అన్న చేతులు వణకడం మొదలై, బియ్యం డబ్బా వెనక దాచిన అట్టడబ్బా తీశాడు. నేను దాన్ని గుంజుకుని కాలి కింద తొక్కాను. చారెడు మందు నేల మీద పారింది. "ఇజ్జత్ తీసినవ్ గదనే! మంది ముంగట నిలవెట్టి ఇజ్జత్ తీసినవ్! కుక్కనన్న ఇంతకన్న మంచిగ చూస్తరు!" అని అరిచాను. చెయ్యి కూడా లేపాను. నన్ను చదివించిన అన్న మీద చెయ్యి లేపాను. కొట్టలేదు గానీ, కొట్టడానికేం తక్కువైంది? అన్న రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకున్నాడు. వదిన గుమ్మంలో నిలబడి ఉంది.

ఆ రోజు రెండు నిర్ణయాలు చేసుకున్నాను. ఒకటి, అన్నతో తాగుడు మానిపించాలి, డాక్టరే చెప్పాడు కదా. రెండు, ఇకముందు ఏ దవాఖాన గడప తొక్కినా మా అన్న తాగుతాడని నా నోటితో చెప్పకూడదు.

మా వైపు తాగుడు మానాలంటే మాల వేసుకుంటారు. పండరీపురం విఠోబా పేరు మీద తులసి పూసల మాల. మెడలో పడిందంటే మాంసం, మందు ముట్టకూడదు. వేసుకున్నవాణ్ని మాళ్కరి అంటారు. ముట్టితే ఆ పాపం ఇంటిల్లిపాదికీ తగులుతుందని నమ్మకం. మా ఊళ్ళో ఒక పెద్దాయన ఇరవై ఏళ్ళ కింద అట్లా వేసుకుని మానేశాడు. ఇప్పుడాయనే భజన పెద్ద, అందరూ మహారాజ్ అంటారు. ఆయన కాళ్ళు మొక్కి పనికి పోతారు. అంతకుముందు ఆయన మోరీల్లో పడి దొర్లినవాడని చెప్పుకుంటారు. నాకదే కళ్ళ ముందు కనబడింది. మా అన్న కూడా తెల్లటి ధోతిలో తాళాలు వాయిస్తూ కూర్చోవాలి, చీటీ రాసేవాడు లేచి నిలబడాలి.

వదినతో చెప్పాను. ఆమె అడ్డం చెప్పలేదు కానీ నసిగింది.

"ఒక్కపాలే బంద్ అంటే పాణం తట్టుకుంటదో లేదో మర్దీ. జర జర తగ్గిస్తే..."

"గిట్లనే తగ్గిస్తం తగ్గిస్తం అనుకుంట ఇంత దూరం తెచ్చినవ్! నువ్వే చెడగొట్టినవ్ ఆయన్ని!"

ఆమె లేచి పొయ్యి దగ్గరికి పోయింది.

మాలకు ఒక పద్ధతుంది. వేసుకునేవాడే అడగాలి, ఎవరూ బలవంతపెట్టకూడదు. మహారాజ్ ఆ పద్ధతి తప్పేవాడు కాదు. ఆషాఢ ఏకాదశి ఇంకో వారం ఉందనగా ముగ్గురం ఊళ్ళో మా పాత ఇంటికి పోయాం. హనుమంతుడి గుళ్ళో ఆయన మాల చేతిలో పట్టుకుని అన్నను అడిగాడు, "నీకు ఇష్టమేనా బాబా?" అని. అన్న నా వైపు చూశాడు. "మా తమ్ముడు చెప్పిండు" అన్నాడు. మహారాజ్ మాల వేయకుండా అన్న ముఖంలోకి చూశాడు. నేను చేతులు జోడించి, "ఆయనకిష్టమే మహారాజ్, సిగ్గుపడ్తుండు" అన్నాను. మాల పడింది.

ఆ సాయంత్రం బాగానే గడిచింది. మర్నాడు పొద్దున అన్నకు చెమటలు. బనియన్ పిండితే నీళ్ళు కారేంత చెమట. టీ గ్లాసు పట్టుకోలేకపోయాడు, వదిన పట్టి తాగించింది, తాగింది తాగినట్టు కక్కేశాడు. చూడవచ్చిన భజనవాళ్ళు సంతోషపడ్డారు. "లోపటి మైలంత బైటికొస్తాంది. రానీ" అన్నారు. నేనూ సంతోషపడ్డాను. సాయంత్రం భజనలో అన్న చేతికి తాళాలిచ్చారు. ఆ వణుకుకు అవి వాటంతటవే మోగాయి. పాట అయిపోయినా మోగుతూనే ఉన్నాయి. అందరూ నవ్వారు, ఒక ముసలమ్మ వచ్చి అన్నకు దిష్టి తీసింది. అన్న కూడా నవ్వాడు, ఎందుకు నవ్వుతున్నారో తెలియకుండానే. నాకు ఏడుపొచ్చింది, ఆనందంతో. ఏం చెప్పను ఆ ఆనందం గురించి!

మూడోనాడు మధ్యాహ్నం. అన్న రెండు రోజులుగా కన్ను మూయలేదు, మెతుకు తినలేదు. లోపల చాప మీద ఉన్నవాడు ఉన్నట్టుండి లేచి వాకిట్లోకి వచ్చాడు. కళ్ళు ఎక్కడో ఉన్నాయి.

"లారీ వచ్చింది. జరగుండ్రి, జరగుండ్రి" అన్నాడు.

వాకిట్లో లారీ లేదు. అన్న వీపు వంచాడు. చెయ్యి వెనక్కి పెట్టి, లేని బస్తాను అంచు పట్టి వీపున సరిచేసుకున్నాడు. పది అడుగులు నడిచి గోడ పక్కన దించాడు. "లాభం" అన్నాడు. మా వైపు కొలిచేటప్పుడు ఒకటి అనరు, లాభం అంటారు. మళ్ళీ పోయి ఇంకోటి ఎత్తుకున్నాడు. "రెండు." మళ్ళీ పోయాడు. "మూడు." తిండి లేని ఆ ఒంట్లో అంత బలం ఎక్కడినుంచి వచ్చిందో, అడుగు తడబడకుండా మోస్తున్నాడు. నిన్నటి దాకా పుండుతో కుంటిన కాలు కుంటడం లేదు.

ఇరుగుపొరుగు చేరారు. ఎవరో పోయి మహారాజ్‌ను పిలుచుకొచ్చారు. ఆయన చూసి రెండు చేతులూ ఎత్తి జోడించాడు.

"మోసేది ఈన కాదు. పాండురంగడు మోస్తుండు" అన్నాడు.

ఆడవాళ్ళు బిందెలతో నీళ్ళు తెచ్చి అన్న పాదాల మీద పోశారు. ఒకరి తర్వాత ఒకరు మొక్కారు. దవాఖాన వరండాలో వెలివేసినట్టు కూర్చోబెట్టిన మనిషి కాళ్ళకు ఊరు మొక్కుతోంది. నేనూ సాష్టాంగపడ్డాను. నా చేతులకు ఆయన పాదం కాలే పెనంలా తగిలింది. ఒక డ్రైవర్ని, ఇంజన్ వేడెక్కితే బండి ఆపాలని తెలిసినవాణ్ని, నాకు ఆ వేడి దేవుడనిపించింది. అన్న నన్ను చూసి గుర్తుపట్టాడు.

"తమ్మీ, పక్కకు జరుగు. బస్తా మీద పడ్తది" అన్నాడు.

వదిన అప్పుడు ఎక్కడుందో నేను చూడలేదు.

ఇంకో అరగంట మోశాడు. తర్వాత నిలబడ్డచోటే బిగుసుకుపోయి వెనక్కి పడ్డాడు. పళ్ళు గిట్టకరుచుకున్నాయి, నోట్లో నురగ, నాలుక తెగి నెత్తురు. భజన ఆగిపోయింది. ఆటోలో వేసుకుని బీదర్‌కు తెచ్చాం, నేనూ వదినా. దారిలో ఇంకోసారి అట్లాగే కొట్టుకున్నాడు.

ఈసారి ఆ ధర్మ దవాఖానకు పోలేదు. ఒక చిన్న ప్రైవేటు దవాఖానలో కుర్రడాక్టరు ఉన్నాడు. వెంటనే మంచం ఎక్కించాడు, తనే సూది పెట్టాడు, గ్లూకోజు ఎక్కించాడు. జ్వరం నూట నాలుగు. మంచివాడు. ఆయన్ను ఒక్క మాట అనడానికి లేదు. నాడి పట్టుకునే నన్నడిగాడు.

"తాగుతాడా?"

"తాగడు సార్" అన్నాను.

ఆయన అన్న చేతివేళ్ళు చూశాడు. కనురెప్ప తీసి పచ్చదనం చూశాడు. నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి, వచ్చీ రాని తెలుగులో మళ్ళీ అడిగాడు.

"నిజం చెప్పు. నేను తిట్టను. తాగుతాడా? ఈ మధ్యన ఆపాడా?"

చూశారా, ఎంత దగ్గరికొచ్చాడో! తలుపు తీసి పట్టుకుని అడిగినట్టు అడిగాడు. నాకేమో ఆ వరండా, ఆ బండ, ముక్కు మూసుకున్న ఆ మనిషి కనబడుతున్నారు. తాగుతాడంటే ఈ సూది కూడా తీసేస్తారనిపించింది. పైగా అది అబద్ధమని కూడా నాకనిపించలేదు. మాల పడ్డాక మనిషి తాగనివాడే. అన్న చొక్కా గుండీ తీసి తులసి పూసలు బయటికి లాగి చూపించాను.

"మాళ్కరి సార్. ముట్టడు."

పక్కన వదిన నోరు తెరిచింది. నేను ఆమె వైపు ఒక చూపు చూశాను. మూసేసింది.

డాక్టరు తల ఊపాడు. అయితే మెదడు జ్వరం అయి ఉంటుందన్నాడు. దానికి మందులు మొదలుపెట్టాడు. వెన్నులోంచి నీళ్ళు తీసి పరీక్షకు పంపాడు. తెల్లారితే హైదరాబాద్ తీసుకుపొమ్మన్నాడు. తెల్లారాక అంబులెన్స్ కోసం చూస్తూ ఉండగా మళ్ళీ మళ్ళీ కొట్టుకున్నాడు. మధ్యమధ్యలో గొంతులోనే అంకెలు లెక్కపెడుతున్నాడు. మధ్యాహ్నం అయ్యేసరికి లెక్క ఆగిపోయింది.

మా అన్నకు జరిగినంత గొప్ప సాగనంపు మా ఊళ్ళో హమాలీకి ఎవరికీ జరగలేదు. మాలతోనే పోయాడని, దేవుడే వచ్చి తీసుకుపోయాడని పక్క ఊళ్ళ భజన మేళాలు కూడా వచ్చాయి. సావుకారు కారు పంపించి, తనూ వచ్చి పూలు వేసి పోయాడు. తాగి తాగి చచ్చాడని ఒక్కరంటే ఒక్కరు అనలేదు. ఇజ్జత్‌తో పోయాడు మా అన్న అని నేను ఏడుస్తూనే నలుగురితో అన్నాను. ఛీ, నా బతుకు.

చలికాలం వచ్చేసరికి సావుకారు కడుపు ఉబ్బింది, కాళ్ళు వాచాయి. పొద్దున పేపరు పట్టుకుంటే అది వణకడం నేను అద్దంలో చూశాను. ఆయన భార్య ఇక ఊరుకోలేదు. హైదరాబాద్‌లో పెద్ద దవాఖానకు బయలుదేరదీసింది. నేనే తోలాను. ఆయన నా భుజం పట్టుకుని నడిచాడు కాబట్టి డాక్టరు గదిలోకి నేనూ పోయాను. పెద్ద వయసు డాక్టరు. కూర్చోమన్నాడు, మంచినీళ్ళు ఇప్పించాడు, తర్వాత అడిగాడు.

"రోజుకు ఎంత తీసుకుంటారు?"

సావుకారు భార్య కూరగాయల ధర చెప్పినంత తేలిగ్గా చెప్పింది. "సగం సీసా సార్, దినాం. పదిహేను ఏండ్ల సంది."

"ఆమెకు ఎర్కలేదు సార్" అన్నాడు సావుకారు. "పొద్దున గూడ ఉంటది. ముప్పావు రాస్కోండ్రి."

డాక్టరు రాసుకున్నాడు. ముక్కు మూసుకోలేదు. గుమ్మం దగ్గర ఎవరూ అరవలేదు. "చెప్పి మంచి పని చేశారు. చాలామంది దాస్తారు" అన్నాడు. "ఇంత కాలం తాగినవాళ్ళు ఒక్కసారిగా ఆపకూడదు. ఆపితే రెండో రోజో మూడో రోజో ఫిట్స్ వస్తాయి. జ్వరం వస్తుంది, లేనివి కనిపిస్తాయి, ప్రాణం పోవచ్చు. సరిగ్గా తిండి లేనివాళ్ళకైతే మరీ ప్రమాదం. అందుకే ఇక్కడే పెట్టుకుని మాత్రలిస్తూ మెల్లగా దించుతాం. ఏం భయం లేదు."

నా నోరు ఊరుకోలేదు. "సార్, లేని బస్తాలు మోస్తరా?" అని అడిగాను.

డాక్టరు నన్ను పైనుంచి కిందికి చూశాడు. "ఏ పని చేసేవాడు ఆ పని చేస్తున్నట్టే ఉంటాడు. దర్జీ అయితే గాల్లో బట్ట కుడతాడు" అన్నాడు. తర్వాత, "ఎవరు?" అన్నాడు.

"ఎవరూ లేరు సార్" అన్నాను.

పది రోజులు ఉన్నాడు సావుకారు ఆ దవాఖానలో, కిటికీలోంచి చెట్లు కనబడే గదిలో. మూడోనాడు కాస్త చెమట పట్టి రెండు సార్లు విసుక్కున్నాడు, అంతే. వెనక్కి వచ్చేటప్పుడు కారులో నన్నడిగాడు, "నీ అన్నకు గూడ గిదే అయ్యిండొచ్చు గద రా? నాకు ఒక మాట చెప్తే నేను తోల్కొస్తుంటి గద" అని. నిజంగా తీసుకొచ్చేవాడో, ఆ రోజే ఆ మాట పుట్టిందో నాకు తెలియదు. ఆయనైతే బతికాడు. ఇప్పుడు కూడా పొద్దున నడకకు పోతున్నాడు.

నేను నాలుగు రోజులు అన్నం తినలేకపోయాను. వదినకు చెప్పాలా వద్దా? ఆమెకు మిగిలింది ఆ మాట ఒక్కటే, దేవుడొచ్చి తీసుకుపోయాడని. గోడ మీద అన్న ఫోటోకు ఆమె రోజూ తులసాకు పెడుతుంది. చెబితే అదీ పోతుంది. చెప్పకపోతే నేను ఆమె చేతి టీ తాగుతూ ఎట్లా కూర్చోవాలి?

వదిన ఇప్పుడు గంజ్‌లోనే చేట పట్టింది. గోదాముల ముందు నీడలో కూర్చుని ఆడవాళ్ళు కందుల్లో రాళ్ళూ మట్టీ చెరిగి తీస్తారు. అయిదో రోజు మధ్యాహ్నం మిగతావాళ్ళు అన్నాలకు లేచాక ఆమె ముందు కూలబడ్డాను. అంతా చెప్పేశాను. డాక్టరు చెప్పింది చెప్పినట్టు చెప్పాను. అది దేవుడు కాదు వదినా, మందు ఆపినందుకు వచ్చిన రోగం. తాగుతడని నేను ఆ కుర్రడాక్టరుకు చెప్తే అన్న బతుకుతుండె. నేనే చంపిన. ఆమె అరుస్తుందనుకున్నాను. చేటతో కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండు.

ఆమె చెరగడం ఆపలేదు. కాసేపటికి చేటలోంచి ఒక రాయి ఏరి పక్కన పడేసింది.

"దేవుడు కాదని నాకు గా దినమే ఎర్కనే మర్దీ" అంది. "పొద్దుగాల నోట్ల గుక్కెడు పడకపోతే ఆయన ఏమైతడో నాకు పెండ్లైన సంది ఎర్క. వానల కాలం ఒక పండుగకు దుకాణాలు బంద్ ఉంటే గిట్లనే అయిండు. గోడకు చీమలున్నయని గోడంత గీకిండు. నేను యాడనో దొరకవట్టి తెచ్చి రెండు చెంచాలు పోసిన. గంట సేపట్ల మనిషయిండు."

ఆమె ఇంకో రాయి ఏరి పడేసింది.

"మూడోనాడు గూడ తెచ్చిన. ఆయన బస్తాలు మోస్తుంటే ఉరికి పోయి పక్కూర్ల తెచ్చిన డబ్బా. రొండిన చెక్కుకొని వాకిట్లకొచ్చిన. వస్తే నువ్వు ఆయన కాళ్ళ మీద పడి ఉన్నవ్. ఊరంత మొక్కుతుండె. ఎట్ల తియ్యాలె? దవాఖానల గూడ నా రొండినే ఉండె. డాక్టరుకు చెప్దామంటే నువ్వు కండ్లెర్ర చేస్తివి." చేట కింద పెట్టి మొదటిసారి నా ముఖంలోకి చూసింది. "నువ్వే చెప్పు. మెడల మాల ఉన్న మనిషి నోట్ల నేను మందు పోస్తుంటే, నువ్వు నన్ను బతకనిస్తుంటివా?"

నేను ఆలోచించాల్సిన పని లేకపోయింది. బతకనిచ్చేవాణ్ని కాదు.